హర్కారా పరుగు నుంచి ఐరన్‌మ్యాన్ దాకా

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఒక చారిత్రక వ్యాసం పంపమని సంపాదకవర్గం వారు కోరారు. కోటల గురించి, గుళ్ళ గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను మనందరి ఒంటికి సంబంధించిన చరిత్ర ఒకటి ఎంచుకున్నాను. అది పరుగు చరిత్ర. కుర్రవాళ్ళ పరుగు గురించి చెప్పేవారు వేరే ఉన్నారు. నేను చెప్పబోయేది నలభై, యాభై దాటాక మొదలుపెట్టిన పరుగు గురించి.

ఇప్పుడిది మన పింఛనుదారుల ఇళ్ళలో ఒక తగవుగా తయారైంది. హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చునే కొడుకో, అల్లుడో నలభై ఐదో ఏట ఉన్నట్టుండి తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి పరుగుకు పోతున్నాడు. ఆదివారం వస్తే సైకిలు తీస్తాడు. ఈత నేర్చుకుంటానంటాడు. కోడలు బెంగపడుతుంది. బాన్సువాడలో కూర్చున్న మనం ఫోనులో "ఈ వయసులో నీకిదేం పిచ్చిరా?" అని మందలిస్తాం. మందలించే ముందు ఈ పిచ్చి ఎక్కడ పుట్టిందో, ఎవరికి పుట్టిందో తెలుసుకోవడం మంచిదని నా మనవి. పాత కాగితాలు చూడనిదే నోటు రాయకూడదని మనకు ఉద్యోగంలో నేర్పిన పాఠమే కదా!

జీతానికి పరుగెత్తిన వాళ్ళు

ఒకప్పుడు దూరపు పరుగు సరదా వ్యవహారం కాదు, సర్కారు నౌకరీ. పధ్నాలుగో శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో మన దేశానికి వచ్చిన ఇబన్ బతూతా అప్పటి తపాలా ఏర్పాటును వివరంగా రాశాడు. గుర్రపు తపాలా ఒకటి, కాలినడక తపాలా ఒకటి ఉండేవి. కాలినడక తపాలాకు మైలుకు మూడు మజిలీలు. పరుగెత్తేవాడు ఒక చేత ఉత్తరం, ఇంకో చేత రాగి గంటలు కట్టిన కర్ర పట్టుకుని శక్తికొద్దీ ఉరికేవాడు. గంటల చప్పుడు వినగానే తరువాతి మజిలీవాడు నడుం బిగించి సిద్ధంగా నిలబడేవాడు. ఈ తపాలా గుర్రపు తపాలాకంటే వేగంగా చేరేదని ఇబన్ బతూతా మాట. మన దక్కనులోని దౌలతాబాదులో సుల్తాను ఉన్నప్పుడు తాగడానికి గంగనీళ్ళు కూడా ఈ మనుషులే మోసేవారట.

తరువాతి కాలంలో హర్కారాలు ఇదే పని చేశారు. భుజాన సంచి, చేత గంటల బరిసె, దారిలో అడవీ వాగూ. నిజాం రాజ్యానికి సొంత తపాలా శాఖ ఉండేది. 1869లోనే సొంత స్టాంపులు వేసింది. 1950లో అది భారత తపాలా శాఖలో కలిసిపోయింది. ఊళ్ళలో సుంకరులు, మస్కూరీలు తాలూకా కచేరీకి కాగితాలు మోసుకుని మైళ్ళు నడిచేవారు. ఈ సంగతి మనలో వయసు మీరినవారికి తెలిసిందే. వాళ్ళెవరికీ వ్యాయామం అనే మాటతో పని పడలేదు.

1932లో నిజాం రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఆ పిమ్మట రోడ్లు పెరిగాయి, టెలిఫోన్లు వచ్చాయి, మోటారు సైకిళ్ళు వచ్చాయి. కాళ్ళ నౌకరీ పోయింది, కుర్చీ నౌకరీ మిగిలింది. ఆ కుర్చీ మన ఒంటికి ఏమి చేసిందో మొదట లెక్కకట్టి చూపినవాడు ఒక ఇంగ్లీషు డాక్టరు.

బస్సు మెట్లు, ఆఫీసు కుర్చీలు

ఆయన పేరు జెరీ మోరిస్. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇంగ్లండులో నడివయసు మగవాళ్ళు గుండెపోటుతో పోవడం ఎక్కువైంది. కారణం తెలియలేదు. మోరిస్ బృందం లండను రవాణా సంస్థలో 35 నుంచి 64 ఏళ్ళ మధ్యనున్న సుమారు 31 వేలమంది ఉద్యోగుల రికార్డులు పరిశీలించింది. లండనులో రెండంతస్తుల బస్సులు. డ్రైవరు దినమంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే సంస్థలో పనిచేసేవారే. అయినా డ్రైవర్లకంటే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని, వచ్చినా ఆలస్యంగా వస్తున్నదని తేలింది. తపాలా శాఖలో చూస్తే తిరిగే పోస్టుమాన్లకంటే కూర్చునే గుమాస్తాలకు, టెలిఫోను ఆపరేటర్లకు జబ్బు ఎక్కువ. ఈ ఫలితాలు 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడ్డాయి.

మోరిస్ అంతటితో తీర్పు చెప్పలేదు. అసలు లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్లుగా చేరుతున్నారేమోనని అనుమానించి, సంస్థ కుట్టించి ఇచ్చిన యూనిఫారాల నడుం కొలతలు తెప్పించి చూశాడు. నిజంగానే డ్రైవర్ల నడుం కొలతలు మొదటినుంచీ ఎక్కువగా ఉన్నాయి. కాబట్టి ఇంకా గట్టి రుజువు కావాలనుకున్నాడు. అప్పుడు ఆయన చూపు పడింది ఎవరిమీద అనుకున్నారు? ప్రభుత్వ కార్యాలయాల్లో కుర్చీలో పనిచేసే ఉద్యోగులమీద!

40 నుంచి 64 ఏళ్ళ వయసున్న సుమారు 17 వేలమంది బ్రిటిష్ ప్రభుత్వోద్యోగుల చేత, సోమవారం నాడు, అంతకుముందు శుక్ర శనివారాల్లో ఏమేమి చేశారో ఐదేసి నిమిషాల లెక్కన రాయించాడు. అందరిదీ కూర్చునే పనే. తేడా అల్లా ఆఫీసు బయట చేసే పనిలోనే. 1973లో ఫలితం వచ్చింది. తీరిక వేళల్లో చెమట పట్టేటట్టు శ్రమించేవారికి గుండెజబ్బు ముప్పు, అలా చేయనివారితో పోలిస్తే మూడోవంతు మాత్రమే ఉన్నది.

ఈ లెక్క మనకు వర్తించినంతగా ఇంకెవరికి వర్తిస్తుంది? హర్కారాకు కూర్చోవడం విశ్రాంతి. ముప్పై ఐదేళ్ళు కూర్చున్నవాడికి లేచి కదలడమే మందు. మోరిస్ తన మాట తానే పాటించాడు. లండను పార్కులో పెద్దవాళ్ళు పరుగెత్తితే జనం వింతగా చూసే రోజుల్లో ఆయన పరుగెత్తేవాడు. 99 ఏళ్ళు బతికి 2009లో కాలం చేశాడు.

నడివయసు వాళ్ళ జాగింగ్

అదే కాలంలో భూగోళానికి అవతలి కొసన, న్యూజిలాండులో ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడు ఒలింపిక్ విజేతలను తయారుచేస్తూ, మరోపక్క పొట్టలు పెరిగిన వ్యాపారస్థులను, గుండెజబ్బు వచ్చి తగ్గినవారిని కూడా నెమ్మదిగా పరుగెత్తించేవాడు. దీనికే జాగింగ్ అని పేరు. 1962 చివరలో అమెరికా నుంచి బిల్ బోవర్‌మన్ అనే పేరుమోసిన కోచ్ ఆయనను చూడవచ్చాడు. వయసు 51. అక్కడివారితో పరుగుకు పోయి వెనుకబడిపోయాడు. గుండెపోట్లు వచ్చి తగ్గిన డెబ్బై దాటిన ముసలాయన ఒకరు జాలిపడి తోడుగా వెనక ఆగాడట! బోవర్‌మన్ అమెరికా తిరిగివెళ్ళి తన ఊళ్ళో పెద్దవాళ్ళకు తరగతులు పెట్టాడు. 1967లో ఒక హృద్రోగ వైద్యుడితో కలిసి జాగింగ్ మీద పుస్తకం రాశాడు. నైకీ బూట్ల కంపెనీ స్థాపకుల్లో ఈయన ఒకరు.

ఇంకొక డాక్టరు రాల్ఫ్ పాఫెన్‌బార్గర్. ఓడరేవు కూలీల మీద, హార్వర్డ్ పూర్వ విద్యార్థుల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసి, శ్రమకూ ఆయుష్షుకూ ఉన్న సంబంధం చూపినవాడు. తన లెక్కలు తనకే బోధపడి 1967లో 45వ ఏట పరుగు మొదలుపెట్టాడు. నూటయాభైకి పైగా మారథాన్లు, అంతకు మించిన దూరాలు పరుగెత్తాడు.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1896 ఏథెన్సు ఒలింపిక్స్‌లో గ్రీకు పురాగాథ పేరుతో ఈ పందెం పెట్టారు. ఇప్పటి కచ్చితమైన దూరం 1908 లండను ఒలింపిక్స్ నాటిది. మన దేశం నుంచి 1920లోనే బెల్గాం వాస్తవ్యుడు ఫడెప్ప చౌగులే ఒలింపిక్ మారథాన్ పరుగెత్తి 19వ స్థానంలో వచ్చాడు.

ఈ చరిత్రలో ఒక విషాద ఘట్టం ఉన్నది, దాన్ని దాచకూడదు. జిమ్ ఫిక్స్ అనే అమెరికా పత్రికా రచయిత 35వ ఏట సిగరెట్లు మాని, బరువు తగ్గి, పరుగు మీద 1977లో రాసిన పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. ఆయనే 1984లో 52వ ఏట పరుగు దారిలో గుండె ఆగి పోయాడు. గుండె నాళాలు బాగా పూడుకుపోయి ఉన్నాయని శవపరీక్షలో తేలింది. ఆయన తండ్రి కూడా 43 ఏళ్ళకే గుండెజబ్బుతో పోయాడు. పరుగు పాత పొగాకు బాకీలను, వంశపు జబ్బును పూర్తిగా రద్దు చేయదని, వైద్య పరీక్ష లేకుండా కాళ్ళకు పని చెప్పకూడదని ఈ కథ మనకు నేర్పుతుంది.

మూడు విద్యల పందెం

ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీని ట్రయాథ్లాన్ అంటారు. దీని పుట్టుకలో కూడా నడివయసు వాళ్ళ చేయి ఉన్నది. అమెరికాలో శాండియాగో నగరపు వకీలు డేవిడ్ పెయిన్ నలభై దాటినవారికి ప్రత్యేకంగా పరుగు పోటీలు ఉండాలని పట్టుబట్టిన మనిషి. తన యాభయ్యో పుట్టినరోజుకు 1972లో మిత్రులతో పరుగు, ఈత కలిపి ఒక పందెం పెట్టుకున్నాడు. అందులో పాల్గొన్న జాక్ జాన్‌స్టన్‌కు ఈత ఇంకా ఎక్కువ ఉంటే బాగుండుననిపించింది. డాన్ షానహాన్ సైకిలు కూడా కలపాలన్నాడు. ఇద్దరూ కలిసి 1974 సెప్టెంబరు 25 సాయంకాలం మిషన్ బే అనే చోట మొదటి ట్రయాథ్లాన్ జరిపారు. వచ్చినవారు 46 మంది. చీకటిపడితే కార్ల దీపాలు వేసి చివరివారిని ఒడ్డుకు చేర్చారు.

ఆ 46 మందిలో నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ ఉన్నారు. తరువాత ఆయనకు హవాయి దీవులకు బదిలీ అయింది. ఈతగాడు గట్టివాడా, సైకిలువాడా, పరుగువాడా అన్న వాదన అక్కడ వచ్చింది. అక్కడ విడివిడిగా జరిగే మూడు పెద్ద పోటీలనూ ఒకే రోజు పెడితే సరి అన్నాడు కాలిన్స్. సముద్రంలో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన పూర్తి మారథాన్! సైకిలు దూరమే బాన్సువాడ నుంచి హైదరాబాదుకు బస్సులో పోయే దూరానికి తక్కువ కాదు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది దిగితే 12 మంది పూర్తి చేశారు. గార్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల్లో గెలిచాడు. కాలిన్స్ తానూ పూర్తి చేశాడు. ఐరన్‌మ్యాన్ అనే పేరు అప్పుడు వచ్చిందే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ట్రయాథ్లాన్ చేరింది, అయితే తక్కువ దూరాలతో.

ఈ పోటీలలో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటి ఉన్నది. ఐదేసి సంవత్సరాల వయసు వర్గాలు చేసి, ఎవరి వర్గంలో వారికే స్థానాలు ఇస్తారు. అరవై ఏళ్ళవాడు ఇరవై ఏళ్ళవాడితో పోటీపడనక్కరలేదు. మన సీనియారిటీ జాబితాకు ఇంతకంటే న్యాయమైన ఉపయోగం నేను చూడలేదు.

పింఛను వయసు వీరులు

అమెరికాలో సిస్టర్ మడోనా బ్యూడర్ అనే క్రైస్తవ సన్యాసిని 48వ ఏట పరుగు, 52వ ఏట ట్రయాథ్లాన్ మొదలుపెట్టింది. 2012లో 82వ ఏట ఐరన్‌మ్యాన్ పూర్తి చేసింది. ఆమె వయసు పెరిగినకొద్దీ నిర్వాహకులు కొత్త వయసు వర్గాలు తెరవవలసి వచ్చింది. జపానులో హిరోము ఇనాడా పత్రికా విలేఖరి ఉద్యోగం నుంచి అరవయ్యో ఏట విరమించి, అప్పుడు ఈత నేర్చుకున్నాడు. డెబ్బై దగ్గర ట్రయాథ్లాన్‌లో దిగి, 2018లో 85 ఏళ్ళ వయసున హవాయి పోటీని 17 గంటల గడువులోపల ముగించాడు.

మన పంజాబు రైతు ఫౌజా సింగ్ కథ అందరికీ తెలియాలి. 1994లో కళ్ళముందే కొడుకు పోయాడు. ఆ దుఃఖంతో లండనులో మరో కొడుకు దగ్గరికి చేరి, మనసు కుదుటపడడానికి పరుగు పట్టాడు. 2000లో 89వ ఏట మొదటి మారథాన్. 2011 అక్టోబరులో టొరంటోలో నూరేళ్ళ వయసున 8 గంటల 11 నిమిషాల్లో మారథాన్ పూర్తి చేశాడు. అయినా గిన్నిస్ వారు రికార్డు ఇవ్వలేదు, జనన పత్రం లేదన్నారు. పాస్‌పోర్టులో 1911 ఏప్రిల్ 1 అని ఉన్నది, శతవర్ష సందర్భంగా బ్రిటిష్ రాణి పంపిన లేఖ ఉన్నది, కాని జనన పత్రం లేదు. 1911 నాటి పల్లెలో ఆ కాగితం ఎవరు ఇస్తారు? బడిలో చేర్చిన రోజు పంతులుగారు వేసిన తేదీయే సర్వీసు రిజిస్టరులోకి ఎక్కి, దాని ప్రకారమే రిటైరైన వాళ్ళు మనలో ఎందరు లేరు! పాపం ఆ మహానుభావుడు 2025 జూలై 14న సొంత ఊరి దగ్గర రోడ్డు దాటుతుండగా వాహనం ఢీకొని మరణించాడు. ముసలితనం ఆయనను ఆపలేదు, మన రోడ్డు ఆపింది.

మన గడ్డమీద

హైదరాబాదు రన్నర్స్ సంఘం 2007లో ఏర్పడింది. 2011లో హైదరాబాదు మారథాన్ మొదలైంది. ఆగస్టు ఉక్కలో, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ, గచ్చిబౌలి వరకు సాగే ఈ పరుగు కష్టమైనదని పేరు. 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట, పైన సౌరఫలకాల నీడతో, ప్రారంభమైంది. ఐరన్‌మ్యాన్‌లో సగం దూరాల పోటీ 2019లో మొదటిసారి మన దేశంలో, గోవాలో జరిగింది. అంతకుముందే 2015లో నటుడు మిలింద్ సోమన్ యాభై నిండడానికి కొద్ది నెలల ముందు జూరిచ్‌లో పూర్తి ఐరన్‌మ్యాన్ చేయడంతో మన నడివయసు వాళ్ళలో చాలామందికి ఆ పేరు తెలిసింది.

తెలుగువారు గర్వించవలసిన పేరు గోలి శ్యామల. ఉమ్మడి తూర్పు గోదావరి సామర్లకోట ఆడపడుచు, హైదరాబాదులో స్థిరపడింది. నీళ్ళంటే భయం ఉన్న మనిషి నలభై దాటాక ఆ భయం పోగొట్టుకోవడానికి ఈత నేర్చుకుంది. 2021 మార్చిలో శ్రీలంక నుంచి రామసేతు వైపు సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని పదమూడున్నర గంటలకు పైగా ఈది దాటింది. ఆమెకు మార్గదర్శి మన రాష్ట్రంలో ఐ.పి.ఎస్. అధికారిగా పనిచేసిన రాజీవ్ త్రివేది. ఆయన అదే జలసంధిని 2012లో ఈదినవారు. తరువాత శ్యామల 2024 డిసెంబరు చివర విశాఖపట్నంలో బయలుదేరి, రోజుకు కొంత చొప్పున సుమారు 150 కిలోమీటర్లు సముద్రంలో ఈది, 2025 జనవరి మొదటి వారంలో కాకినాడ చేరింది.

ఇదంతా వింటే మన బాన్సువాడ వాళ్ళకు కొత్తగా అనిపించవచ్చు గాని, ఆ మూడు విద్యలూ మన తరానికి చిన్ననాడే వచ్చు. మంజీరలో, మోటబావుల్లో నడుముకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చాం. గంటకింతని కిరాయి సైకిలు తెచ్చి తొక్కాం. బడికి ఆలస్యమైతే పొలాల గట్లమీద ఉరికాం. దానికి ఎవరూ పతకం ఇవ్వలేదు, మనం అడగనూ లేదు. ఉద్యోగం వచ్చాక ఒక్కొక్కటే వదిలేశాం.

మనకు వర్తించే ఉత్తర్వు

నేను పరుగువీరుణ్ణి కాను. పొద్దున నిజాంసాగర్ కాలువ గట్టున నడిచే మామూలు మనిషిని. అయినా ఒక లెక్క చెబుతాను. 58కి దిగి పింఛనులో కొంత కమ్యూట్ చేసుకున్నవాడు పదిహేనేళ్ళు గడిచి 73 నిండితే గాని పూర్తి పింఛను చూడడు. ఆ తేదీ చూడకుండానే పోయిన మిత్రుల పేర్లు మన సంఘం రిజిస్టరులో ఎన్ని ఉన్నాయో కార్యదర్శిగారికి తెలుసు. ప్రతి సర్వసభ్య సమావేశాన్నీ రెండు నిమిషాల మౌనంతో మొదలుపెడుతున్నాం. కుటుంబ పింఛను కాగితాలు రాయించుకోవడానికి వచ్చిన ఇల్లాళ్ళకు సాయపడినవారికి ఈ మాటలో ఉన్న బరువు తెలుస్తుంది. జీవన ప్రమాణ పత్రం ఏటా ఖజానాకు మాత్రమే ఇస్తే చాలదు, మన కాళ్ళకు రోజూ ఇవ్వాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం 65 దాటినవారికి కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ అవసరం. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు చురుకుగా నడిస్తే 150 అయిపోయింది. తూలి పడకుండా నిలదొక్కుకునే కసరత్తులు వారానికి మూడు రోజులు చేయాలని కూడా చెప్పారు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి. మాట రాకపోతే వేగం తగ్గించాలి. బీపీ, షుగరు మందులు వాడేవారు, గుండెకు చికిత్స జరిగినవారు డాక్టరును అడగనిదే పరుగు జోలికి పోరాదు. ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, కళ్ళు తిరగడం వస్తే అక్కడే ఆగి ఆస్పత్రికి పోవాలి. గ్యాస్ అని సోడా తాగి పడుకోరాదు. కాలువలో ఈత అసలే వద్దు.

ఇక నడివయసు పిల్లలు పరుగుకు పోతామంటే మనం అడ్డుపడవద్దు. గుండె పరీక్ష చేయించుకున్నావా, పొగాకు మానావా, దూరం కొద్దికొద్దిగా పెంచుతున్నావా, చీకట్లో వాహనాలకు కనిపించే బట్ట తొడుక్కుంటున్నావా? ఈ నాలుగు ప్రశ్నలూ వేద్దాం. నాలుగింటికీ సరైన జవాబు వస్తే ఆశీర్వదిద్దాం.

చివరగా సంఘానికి ఒక ప్రతిపాదన. పింఛను దయాభిక్ష కాదని, అది హక్కు అని నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పింది. ఆ రోజునే మనం పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటున్నాం. ఇకమీదట ఆ ఉదయం ఉపన్యాసాలకు ముందు రెండు కిలోమీటర్ల నడక పెడదాం. ఐదేళ్ళకొక వర్గం చేద్దాం. 60 నుంచి 64, 65 నుంచి 69, అలా పైకి. కుటుంబ పింఛను తీసుకునే అక్కయ్యలను, చెల్లెళ్ళను కూడా పిలుద్దాం. ప్రతి వర్గంలో చివరగా చేరినవారికి కూడా చప్పట్లు కొడదాం. ఎనభై దాటిన వర్గంలో ఏటా పేర్లు పెరగాలి. ఈ తీర్మానాన్ని నేను ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవారు వచ్చే సమావేశంలో చేయెత్తవలసిందిగా కోరుతున్నాను.